సెల్లమ్మా అంటే పలికేదెవరు

సత్యప్రియకి మొట్టమొదట గుబులు పుట్టింది తాతకి టీ గ్లాసు అందిస్తా ఉన్నప్పుడు. చౌడప్ప తాత రోజూ మాదిరే గ్లాసు తీసుకుని, ఒక గుక్క తాగి, మగ్గం గుంత పక్కకి తిరిగి "సెల్లమ్మా" అని పిలిచినాడు. రోజూ మాదిరే గుంతలోనించి "వస్తా ఉండా" అని అవ్వ పలికింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ వెనకనే, దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లోనించి, ఇంకా పేరు కూడా పెట్టని పసిబిడ్డ "ఊఁ" అనింది.

ఒక పిలుపుకి ఇద్దరు పలికినారు. సత్యప్రియ ఇంకో చేతిలో ఉన్న పళ్ళెం వంగి మురుకులన్నీ కింద పడినాయి.

అవ్వ పలికినందుకు కాదు ఆ గుబులు. సెల్లమ్మవ్వ పోయి చానా ఏండ్లయింది. పోయినంక కూడా పేరు పెట్టి పిలిస్తే పలకతానే ఉంది. తిరుత్తణిలో వాళ్ళ నేతగాళ్ళ వీధికి అదేం వింత కాదు. బతికున్నప్పుడూ అంతే కదా, తాత అన్నానికి పిలిస్తే మగ్గంలోనించి "వస్తా ఉండా" అనేది, చేతిలో కండెకి చుట్టిన దారం అయిపోయేదాకా లేచేది కాదు. ఇప్పుడు కూడా ఆ ఒక్క మాటే. పడుగులో చిక్కు పడితే ఎదురింటి ఆడోళ్ళు వచ్చి గుంత దగ్గర నిలబడి పిలిచేవాళ్ళు. ఆమె పలికేది. వీళ్ళు ఇంటికిపోయి చిక్కు వాళ్ళే తీసుకునేవాళ్ళు. ఎట్లయినా ఒక పెద్దమనిషికి చెప్పినట్టయింది కదా అని వాళ్ళ ధైర్యం.

ఒకటే ఇబ్బంది. ఆ గడప లోపల పిలిస్తేనే అవ్వ పలికేది. వీధిలో నిలబడి గొంతు చించుకున్నా పలకదు. అందుకని తాత గడప దాటేది మానుకున్నాడు. రెండు కండ్లకీ పొర కమ్మి, ఎదురుగా వచ్చేది మనిషో కిటికీ నీడో తెలీకుండా పోయింది. మనవడు కార్తికేయన్ ఆవడిలో ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉంటాడు, అక్కడ ఆపరేషన్ చేపిస్తా రా తాతా అని ప్రతి పండక్కీ అడుగుతాడు. తాత ఒకటే మాట. "నేను ఆడికి పోతే ఈడ ఆమెను పిలిచేదెవర్రా?"

ఇంక గుబులు ఎందుకంటే, ఆ బిడ్డకి పేరు పెట్టాల్సింది సత్యప్రియే.

వాళ్ళలో పేరు పెట్టే హక్కు మేనత్తది. బిడ్డ చెవి దగ్గర తమలపాకు అడ్డం పెట్టుకుని, మూడుసార్లు పేరు చెప్పాల. మూడోది చెప్పినాకే ఆ పేరు బిడ్డది అవుతాది. బిడ్డ నాయన కార్తికేయన్‌కి ఉండేది ఒకే చెల్లెలు, సత్యప్రియ. బీకాం చదివి, బ్యాంకు పరీక్షలు రాస్తా, ఒక ప్రశ్నకి నాలుగు జవాబులు ఇస్తే నాలుగూ సరే కదా అనిపించే మనిషి ఆమె. ఆ మనిషి మీద పడింది ఈ పని.

వదిన అభినయది తిరువళ్ళూరు. బిడ్డకి పాతకాలం పేరే కావాలని ఆమే మొదట్నించీ పట్టు పట్టి ఉంది. వాళ్ళ ఆఫీసులో నలుగురి పిల్లలకి ఆద్యా అనే పేరంట. పుట్టినరోజు పార్టీలో కేకు తినేదానికి ఆద్యాని పిలిస్తే నలుగురూ పరిగెత్తి వచ్చి కొట్టుకున్నారంట. ఉయ్యాల్లోనించి "ఊఁ" వినిపించగానే ఆమె తల దువ్వుకుంటా ఉన్నది అట్లనే వచ్చింది, దువ్వెన జుట్టులోనే ఉంది.

"విన్నావా సత్యా? దాని పేరు అదే చెప్పేసింది. మనకి పని మిగిల్చలేదు."

కార్తికేయన్ సరి అన్నాడు. ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళకి సరి అనేది అతని అలవాటు. నాయన దామోదరన్ చీరలమ్మేదానికి మూటేసుకుని పెరియపాళయం గుడి దగ్గర ఆడి నెల జాతర జనంలో ఉన్నాడు, ఫోన్ చేస్తే మీ ఇష్టం అని పెట్టేసినాడు. అడ్డం పడింది అమ్మ గోవిందమ్మ ఒకతే.

"ఇన్నేండ్లు ఈ ఇంట్లో కాపురం చేసినా, అత్త పేరు నా నోటితో పలికింది లేదు. ఇప్పుడు ఇది చీర తడిపితే నేనేమని అరవాల? ఒసే అని ఆ పేరు పెట్టి అరిస్తే గుంతలోనించి మా అత్త లేచి వస్తాది."

"లేచేది యాడ అత్తా," అనింది అభినయ. "వస్తా ఉండా అంటాది, అంతే కదా."

అందరూ నవ్వినారు, తాత కూడా నవ్వినాడు. సత్యప్రియ ఒక్కతే నవ్వలేదు. ఆమెకి పచ్చయ్యప్ప ఇల్లు గుర్తొచ్చింది. నాలుగిండ్లవతల పెద్ద పచ్చయ్యప్ప కూడా పోయినంక పలికేవాడు. ఎవరు పిలిచినా "నా ముక్కుపొడి డబ్బీ యాడ?" అని అడిగేవాడు. మనవడికి ఆ పేరే పెట్టినారు. మూడోసారి చెవిలో పడిన నిమిషం నించి పెద్దాయన నోరు మూతపడింది. ఒక పేరుకి పలికే మనిషి ఒకరే. వాళ్ళింట్లో ఎవరికీ బాధ లేదు, పొడి డబ్బీ గోల వదిలింది అనుకున్నారు. కానీ ఇక్కడ తాత ఉన్నాడు. పొద్దుపోయే వేళ టీ తాగి, ఆ ఒక్క పిలుపు కోసం బతికే తాత.

పేరు పెట్టేది వచ్చే ఆదివారం. సత్యప్రియ వేరే పాత పేర్లు వెతకడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ కునుకు తీసేటప్పుడు ఉయ్యాల పక్కన కూచుని ఒక్కొక్కటే మెల్లిగా చెప్పి చూసింది. ధనకోటి అంటే బిడ్డ ఆవలించింది. నాగరత్నం అంటే కాలు ఎత్తి గాల్లో తన్నింది. పట్టమ్మ అంటే ఉచ్చ పోసింది. గోవిందమ్మ అని చూస్తే వంటింట్లోనించి అమ్మ లేచి, "నన్ను పేరు పెట్టి పిలిచేంత పెద్దదానివయినావా?" అని గరిటె పట్టుకుని వచ్చింది. ఆఖర్న గొంతు బాగా తగ్గించి సెల్లమ్మా అనింది. గుంతలోనించి "వస్తా ఉండా." ఉయ్యాల్లోనించి "ఊఁ." ఆ బిడ్డకి వేరే పేరు ఒంటికి అంటలేదు.

మరుసటి రోజు తిరువళ్ళూరు కోచింగుకి పోయే రైల్లో ఇదంతా సోఫియాకి చెప్పింది. సోఫియా ఆమెతోనే చదివిన పిల్ల, పక్కనే కూచుని వేరుశెనగలు వలుస్తా అంతా విన్నది. విని ఒకే మాట అడిగింది. మీ తాతని అడిగినావా అని.

సత్యప్రియ అడగలేదు. ఇంట్లో అందర్నీ అడిగింది, పసిబిడ్డని అడిగింది. తాతని అడగాలని తోచనే లేదు.

సాయంత్రం వచ్చేటప్పటికి తాత గడప లోపలే కూచుని, చేత్తో తడుముకుంటానే కండెలకి దారం చుడతా ఉన్నాడు. ఆమె పక్కన కూచుంది.

"తాతా, పాపకి అవ్వ పేరు పెడితే ఇంక అవ్వ పలకదు."

"తెలుసు."

"తెలిసీ ఊరికే ఉండావా?"

తాత రాట్నం ఆపినాడు. దారం కొస వెతుక్కుని, వేలికి చుట్టుకుని, మళ్ళా విప్పినాడు.

"మీ అవ్వ ఇన్నేండ్లుగా వస్తా ఉండా, వస్తా ఉండా అంటానే ఉంది. రానీ పాపా. నేనేం అడ్డం పడేది?" అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు పేరు చెప్పేటప్పుడు నన్ను మాత్రం గుంత పక్కన కూచోబెట్టు. ఆఖరు పలుకు ఉంటే వింటా" అన్నాడు.

ఆదివారం ఇల్లంతా జనం. అభినయ అమ్మానాయన తిరువళ్ళూరు నించి పండ్ల తట్టలతో వచ్చినారు. గోవిందమ్మ పొంగలి కలియబెడతా, ఇంకా ఏం పేరు పెట్టి పిలవాలనే ఆలోచనలోనే ఉంది. తాత గుంత అంచున కూచుని, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. సత్యప్రియ తమలపాకు తీసుకుని ఉయ్యాల్లోకి వంగింది.

"సెల్లమ్మ" అనింది. గుంతలోనించి "వస్తా ఉండా" అని వినపడింది, కానీ పక్కవీధిలోనించి వచ్చినట్టు చిన్నగా. బిడ్డ కండ్లు తెరిచింది.

"సెల్లమ్మ" అని రెండోసారి అనింది. ఈసారి కొండ మీద నించి ఎవరో పలికినట్టు. బిడ్డ ఆమె జడ కొస పట్టుకునింది.

మూడోదానికి నోరు తెరిచి, తల కొంచెం తిప్పి చూసింది. తాత ఇంకా వంగినాడు, గుంతలో పడిపోతాడేమో అన్నట్టు. ఆయన మొహం చూసినాక ఆమె ఆ పేరు పైకి చెప్పలేదు. ఆకు వెనక పెదాలు మాత్రం ఆడించి లేచి నిలబడింది. ఆడోళ్ళు నాలుకలు ఆడించి కురవ వేసినారు, చక్కెర పంచినారు. ఆకు అడ్డం ఉంది కాబట్టి ఎవరికీ తెలీలేదు. బిడ్డ ఒకతే మొహం ముడుచుకుని అత్త పక్కకి చూసింది, ఇంకా ఏదో బాకీ ఉందే అన్నట్టు.

జనం పోయినాక తాత టీ తాగి, భయపడతానే పిలిచినాడు. గుంతలోనించి ఏమీ రాలేదు. ఆయన గ్లాసు కింద పెట్టేసినాడు. అప్పుడు అభినయ ఒడిలోనించి, బిడ్డ పక్కనే, సన్నగా "వస్తా ఉండా" అని వినపడింది. దాని వెనక బిడ్డ "ఊఁ" అనింది.

పేరు ఇంకా పూర్తిగా బిడ్డది కాలేదు కాబట్టి అవ్వ పోలేదు, గుంత మాత్రం విడిచిపెట్టి బిడ్డ పక్కన చేరింది. బిడ్డని గడప దాటిస్తే అవ్వ కూడా తోడుగా దాటింది. బస్టాండు దాకా ఎత్తుకుని పోయి పిలిచి చూసినా పలికింది. ఇంకేముంది, కార్తికేయన్ వాళ్ళు ఆవడికి బయలుదేరిన రోజు, ఎవరూ అడక్కుండానే తాత తువ్వాలు భుజాన వేసుకుని వాళ్ళకంటే ముందు వాకిట్లో నిలబడినాడు. రెండు కండ్లకీ ఆపరేషన్ అయింది. కట్టు విప్పినాక మునిమనవరాలిని దగ్గర పెట్టుకుని చానాసేపు చూసి, "ముక్కు మాత్రం మా వైపుది కాదు, మిగతాదంతా పరవాల్లేదు" అన్నాడంట. ఇప్పుడు పొద్దున్నే బిడ్డని చంకనేసుకుని స్టేషన్ దాకా పోతాడు, రైళ్ళు చూపిస్తాడు, పాలప్యాకెట్ తెస్తాడు. గడప అనేది ఒకటుందని మర్చిపోయినాడు.

అంతా బాగానే ఉంది. కానీ మొన్న సత్యప్రియ ఆవడికి పోయి రెండు రోజులు ఉండి చూసింది. బిడ్డకి ఏడాది దగ్గర పడింది. పేరు పెట్టి పిలిస్తే వెంటనే తిరగదు. ముందు అవ్వ పలకాల, అప్పుడు ఇది తిరగతాది. బొమ్మ కోసం పాకతా పోయి నడుమ ఆగిపోతాది, వేరే ఎవరన్నా ముందు పోతారేమో అని దోవ ఇచ్చినట్టు. పెద్దోళ్ళంటే ఎంత మర్యాదో చూడు అని అభినయ మురిసిపోతాది. సత్యప్రియకి మురిపెం రాలేదు. రేపు బడిలో టీచరు పేరు పిలిస్తే ఇది ఎవరి కోసమో చూస్తా నిలబడతాది. ఆ మూడో మాట చెప్పేస్తే బిడ్డ గబుక్కున తిరుగుతాది, పేరు మొత్తం దానిదే అవుతాది. తాతకి మాత్రం పిలిస్తే ఇంక పలికేది బిడ్డ ఒకతే.

వచ్చే నెల తిరుత్తణి కొండ మీద బిడ్డకి గుండు కొట్టి చెవులు కుట్టిస్తారు. మేనమామ ఒడిలో కూచోబెట్టుకుంటాడు, ఏడవకుండా చెవి దగ్గర వంగి బుజ్జగించేది మేనత్తే. ఆమె ఏం చెప్పినా మేళం చప్పుడులో ఎవరికీ వినపడదు. నిన్న సాయంత్రం కూడా తాత ఆవడి నించి ఫోన్ చేసినాడు. ఫోన్ బిడ్డ దగ్గర పెట్టి, సెల్లమ్మా అని పిలిచి, ఒకరి వెనక ఒకరు పలికిందాకా ఆగి, "విన్నావా సత్యా, ఇద్దరూ ఉండారు" అని నవ్వినాడు. విన్నా తాతా అనింది.

విన్నప్పటి నించి పుస్తకం తలకెక్కలేదు. మూడోసారి ఆ పేరు చెప్పేయాల్నా, మళ్ళా పెదాలు ఆడించి లేచి రావాల్నా? సత్యప్రియకి తోచడం లేదు. మీ ఇంట్లో ఇట్లాంటిది ఎప్పుడన్నా జరిగి ఉంటే, మీరేం చేసినారో కొంచెం చెప్పండి. గుండు కొట్టేలోపల చెప్తే చాలు.