ముట్టుకుంటే పేరు చెప్పాలె

హీరాలాల్ మేస్త్రి కీప్యాడ్ ఫోన్ తాగునీళ్ల బిందెలో పడి పాడైపోయే నాటికి, చూడకుండా ఫోన్ కొట్టడంలో ఆయనను మించినవాడు గుట్టకింది తండాలో లేడు. ఆ ఫోన్లో అయిదో నంబరు మీద చిన్న బొడిపె ఉండేది. బొటనవేలికి అది తగిలితే చాలు, మిగతా నంబర్లన్నీ దాని చుట్టూ ఎక్కడివక్కడ నిలబడేవి. రెండేళ్ల కింద నీటికాసులొచ్చి చూపు పోయింది గానీ ఆ బొడిపె ఉన్నది గనుక మేస్త్రి పని పోలేదు. పద్దెనిమిది మందికి పేరుపేరునా ఫోన్ కొట్టి, జామాయిల్ తోట ఎక్కడ నరకాలో చెప్పి, పొద్దుపొడిచేసరికి అందర్నీ లారీ దగ్గర నిలబెట్టేవాడు.

బుధవారం నాడు కూతురు కవిత ఖమ్మం నుంచి కొత్త ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముందూ వెనకా తడిమి చూశాడు.

"ఇదేందే, పలక తెచ్చినవ్? బలపమేది?"

"టచ్ ఫోన్ బాపూ. వాట్సాప్ కావాలంటివి గదా."

కావాలని ఆయన అడగలేదు. అవసరం అట్లా వచ్చి పడింది. కాంట్రాక్టర్ జయప్రకాశ్ తల్లాడ దగ్గర ముప్పై ఎకరాల జామాయిల్ తోట కొన్నాడు. చెట్లు నరికి, తొక్క తీసి, కర్రను సారపాక కాగితం మిల్లుకు లారీలకెత్తాలి. రెండు నెలల పని. ఆయన ఆరుగురు మేస్త్రీలను ఒక గ్రూపులో వేస్తానని ముందే చెప్పాడు. "నేను బండి నడుపుతూ అందరి ఫోన్లూ ఎత్తలేనండీ. ఆదివారం పొద్దున గ్రూపులో అడుగుతాను. ఎంతమంది ఉన్నారో ముందు ఎవరు చెబితే తోట వాళ్లదే."

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మోతీలాల్ కాలు ఒకచోట నిలవలేదు. మోతీలాల్ అంటే హీరాలాల్ బామ్మర్ది, భార్య సోని తమ్ముడు. అదే ముఠాలో గొడ్డలి పని. మంచి పనోడే.

"ఎందుకు బావా నీకీ కష్టం? ఫోన్ నా చేతికియ్యి. మెసేజులు నేను సూస్కుంట. నువ్వు నీడకు కూసో."

నీడకు కూర్చున్న మేస్త్రిని రెండో లారీ నిండేసరికి అందరూ మర్చిపోతారని హీరాలాల్‌కు తెలుసు. ఫోన్ ఎవరి దగ్గరుంటే మేస్త్రి వాడే. ఆ మాట పైకి అనకుండా ముఠా అంతా వింటుండగా చెప్పాడు. "ఆదివారం దాక ఆగు మోతీ. నాతోని కాకపోతే ఫోనూ నీదే, ముఠా నీదే."

చెప్పడమైతే చెప్పాడు. చేతిలో పలక నున్నగా, ఎక్కడా బొడిపె లేకుండా ఉంది.

కవిత డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఆమె గదిలో చూపు లేని అమ్మాయి ఒకతె ఉండేది. ఫోన్ అందరికంటే జల్దీ వాడేది. ఆ పిల్ల దగ్గర చూసిందే కవిత ఇప్పుడు తండ్రి ఫోన్లో పెట్టింది. వేలు ఎక్కడ ఆనిస్తే అక్కడున్నదేందో ఫోనే పైకి చెప్తుంది. వెంటనే రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది.

"తెర మీద వెలుగు గూడ బంద్ పెట్టిన బాపూ. నీకు దాంతోటి పనేముంది? చార్జింగన్న మిగుల్తది."

"మిగలనీ."

మొదటి రోజు ఆయన వేలు ముడిచి, కణుపుతో ఫోన్‌ను టకటకమని కొట్టాడు. నరికిన కర్రను అట్లా కొట్టే పచ్చిదో ఎండిందో చెప్తాడు.

"అది కర్ర గాదు బాపూ."

"ఎరికే. లోపల ఎవరన్న ఉన్నరా అని సూస్తున్న."

ఉన్నారు. ఒక ఆడగొంతు, అచ్చం రేడియోలో వార్తలు చదివినట్టు, "కెమెరా. తెరవడానికి రెండుసార్లు నొక్కండి" అన్నది. హీరాలాల్ మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు.

"ఇన్నేండ్లల్ల నన్ను 'అండి' అన్న ఆడమనిషి ఈమె ఒక్కతే. మన తండా మాట రాదా ఈమెకు?"

"రాదు. తెలుగు, హిందీ, ఇంగ్లీషే."

"మరి జొన్నరొట్టె చేసుడు వస్తదేమో అడుగు," అన్నది సోని పొయ్యి దగ్గర నుంచి. "వస్తే మాపటికి ఆమెనే చెయ్యమను." ఆ పూటే ఆమెకు నొక్కండమ్మ అని పేరు పెట్టింది. సాయంత్రానికల్లా పేరు తండా అంతా పాకింది.

రెండో రోజు నొక్కండమ్మ వల్ల పరువు పోయింది. గ్రూపులో మాటను రికార్డు చేసి పంపడం నేర్పుతున్నది కవిత. మైకు బొమ్మ మీద రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా పట్టుకోవాలి. పట్టుకున్నంతసేపూ రికార్డవుతుంది. వదిలితే పోతుంది. హీరాలాల్ పట్టుకున్నాడు గానీ ఏం మాట్లాడాలో తోచక ఊరుకున్నాడు. అంతలో సోని నీళ్ల బిందె దించి మొదలుపెట్టింది.

"పొద్దుందాక అదేం పని? నేను పది మాట్లు పిలిస్తే 'ఆఁ' అనడు. అదెవత్తో నొక్కండి అంటే నొక్కుతడు, జరపండి అంటే జరుపుతడు. నిన్న మేకను కట్టెయ్యమంటే కట్టేసిండా? మేక పోయి రామ్‌చందర్ మిరపతోటల పడ్డది. దాన్నిగూడ రెండుసార్లు నొక్కాల్నా?"

హీరాలాల్ భయపడి వేలు తీశాడు. మేక కథంతా మిగతా అయిదుగురు మేస్త్రీలకూ, కాంట్రాక్టర్‌కూ పోయింది.

కాసేపటికి జవాబులు వచ్చాయి. నొక్కండమ్మ ఒక్కటీ విడిచిపెట్టకుండా చదివింది. "ఆనంద బాష్పాలతో ముఖం. ఆనంద బాష్పాలతో ముఖం. ఆనంద బాష్పాలతో ముఖం."

"ఎవరు ఏడుస్తున్నరు?" అన్నది సోని.

"నవ్వుతున్నరు యాడీ," అన్నది కవిత. తల్లిని తండాలో పిలిచినట్టే పిలుస్తుంది. "నిన్ను చూసే."

మోతీలాల్ ఆ మాట విని వచ్చి, పరామర్శకు వచ్చినట్టు కూర్చున్నాడు. "పోనీ బావా. ఆదివారం ఇంకెంత దూరముంది?"

ఆ రాత్రి అన్నం తిని హీరాలాల్ మళ్లీ ఫోన్ పట్టుకున్నాడు. నవ్వుకోవడానికి ఎట్లా ఉన్నా, ఆ పలక మీద ఏది ఎక్కడుందో వేలికి అందడం లేదు. పేర్లు వినబడతాయి, వెంటనే జారిపోతాయి. నేర్పుతున్న కవితకూ ఓపిక తగ్గింది. ఆమెకు ఆదివారం ఖమ్మంలో పరీక్ష ఉంది. ఆ పొద్దున పక్కన ఉండదు.

శనివారం దగ్గర్లోనే ఒక లారీ లోడు పడింది. చూపు పోయినప్పటి నుంచి హీరాలాల్ హాజరు తీసుకునే తీరు వేరు. అందరూ లారీ పక్కన వరుసగా నిలబడతారు. ఆయన మొదటి నుంచి ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి పెడతాడు. చెయ్యి పడగానే ఆ మనిషి తన పేరు చెప్పాలి. ఆ గొంతులో నిద్రెంత ఉందో, నిన్నటి కల్లెంత ఉందో ఆయనకు తెలిసిపోతుంది. బాగుంటే భుజం మీద రెండు తట్లు తడతాడు. తట్టిన మనిషి లారీ ఎక్కుతాడు. తట్టకపోతే ఆ రోజుకు ఇంటికి పోవాల్సిందే.

"కోటేష్." రెండు తట్లు.

"గోప్యా."

ఫోన్ ధ్యాసలో తట్టకుండానే చెయ్యి పక్కకు జరిగింది. గోప్యా కదల్లేదు. ఆయనది మేస్త్రి వయసే, ఇద్దరూ ఒకే ఏడు గొడ్డలి పట్టినవాళ్లు.

"ఏంది మేస్త్రీ, పేరు చెప్పిన గదా. ముట్టి ఊకుంటివి, తట్టకపోతివి. నేనేం తాగలేదు."

హీరాలాల్ చెయ్యి గాలిలోనే ఆగింది. ముట్టుకుంటే పేరు చెప్పాలి. రెండు తట్లు తడితే ఎక్కాలి. వరుసలో ఎవరి పక్కన ఎవరు నిలబడతారో పద్దెనిమిది మందినీ ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

"ఎక్కు గోప్యా," అని రెండుకు నాలుగు తట్టాడు. "నొక్కండమ్మ మేస్త్రి గాదురా. నేనే మేస్త్రిని. ఆమె పేర్లు పిలిచే మనిషి, అంతే."

గోప్యాకు ఏమీ అర్థం కాలేదు గానీ లారీ ఎక్కాడు.

ఇంటికి రాగానే ఫోన్ మోకాళ్ల మీద పెట్టుకుని వరుస పెట్టాడు. మొదటి వరుసలో కెమెరా, గడియారం, కాలిక్యులేటర్, టార్చిలైటు. రెండో వరుస, మూడో వరుస. మూడో వరుస మొదట్లో, ఎడమ కొసన, వాట్సాప్. దానికి గోప్యా అని పేరు పెట్టుకున్నాడు. వాట్సాప్ లోపల, కింద కుడి మూల ఉండే మైకుకు కోటేష్ పేరు. పొద్దుగూకేసరికి ముఠా అంతా ఆయన వేలి కింద నిలబడ్డది.

ఆదివారం పొద్దున్నే కవిత బస్సెక్కింది. వాకిట్లో ముఠా చేరింది. ఇచ్చిన మాట ఏమవుతుందో చూడాలని అందరికీ ఉంది. కాంట్రాక్టర్ ఎనిమిదింటికి గానీ లేవడని, హీరాలాల్ ఇంటి పక్కన తడిక చాటుకు స్నానానికి పోయాడు. ఒంటికి సబ్బు రాసుకున్నాడో లేదో, అరుగు మీది ఫోన్ టింగుమన్నది.

తర్వాత అడుగుల చప్పుడు. తర్వాత నొక్కండమ్మ గొంతు.

"కెమెరా."

సోని పొయ్యి దగ్గరుంది. ముఠాలో ఒక్కడు తప్ప ఇంకెవరూ ఆ ఫోన్ ముట్టరు. హీరాలాల్‌కు అర్థమైంది.

"గడియారం. గడియారం. తెరవడానికి రెండుసార్లు నొక్కండి."

"తెరంతా నల్లగుంది," అని గొణిగాడు మోతీలాల్. "చచ్చినట్టుంది ఇది."

"చావలేదు మోతీ," అన్నాడు తడిక వెనక నుంచి హీరాలాల్. "నువ్వు గడియారం మీదున్నవ్. గట్టిగ ఒత్తకు, అది నిమ్మకాయ గాదు."

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"సాయం చేద్దామని బావా…"

"కాలిక్యులేటర్. టార్చిలైటు."

"పక్కకు పోతున్నవ్. కిందికి దిగాలె. రెండు వరుసలు దిగి ఎడమకు రా. ఆడ గోప్యా ఉంటడు."

"నేనా?" అన్నాడు గోప్యా.

మోతీలాల్ వేలు ఎటు జరిగితే అటు నొక్కండమ్మ ఊరందరికీ చెప్తూనే ఉంది. కళ్లున్న మోతీలాల్‌కు తెర మీద ఏమీ కనబడదు. కళ్లు లేని బావ తడిక చాటు నుంచి దారి చెప్తున్నాడు. ముఠా అంతా పొట్టలు పట్టుకుంది. ఆ నవ్వులో ఫోన్ మళ్లీ టింగుమన్నది.

హీరాలాల్‌కు సరదా దిగిపోయింది. ఇంకో మేస్త్రి గనుక చెప్పేస్తే అంతే. పంచె చుట్టుకుని, నెత్తి మీద సబ్బు నురగతోనే బయటికి వచ్చి చెయ్యి చాపాడు. మోతీలాల్ ఫోన్ చేతిలో పెట్టాడు. హీరాలాల్ మూడో వరుస మొదట్లో ముట్టాడు. ఫోన్ పలకలేదు. మళ్లీ ముట్టాడు. ఏదో సగం పలికి ఆగిపోయింది. వేళ్లు తడిగా ఉన్నాయి.

"సోనీ."

ఆమె వచ్చి, అడగకుండానే, కొంగుతో ఆయన వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది. తర్వాత ఫోన్ అద్దం తుడిచింది. నెత్తి మీద నురగ కంట్లోకి దిగకుండా అదీ తుడిచింది.

"వాట్సాప్." రెండు తట్లు. గ్రూపు. "జయప్రకాశ్ గారు. తోట రెడీగా ఉంది. ఎవరు ఎంతమంది? మదార్ మేస్త్రి. గుడ్ మార్నింగ్ అందరికీ."

రెండో టింగు గుడ్ మార్నింగే. వేలు కింద కుడి మూలకు, కోటేష్ చోటుకు పోయింది. తట్టే ముందు తల తిప్పి, సోని ఉన్న వైపు మొహం పెట్టాడు.

సోని మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గాజులు గలగలమనేసరికి రెండో చేత్తో వాటినీ పట్టుకుంది. పద్దెనిమిది మంది ఊపిరి బిగబట్టారు.

రెండు తట్లు, పట్టు. "హీరాలాల్ మేస్త్రిని. పద్దెనిమిది మందిమి. రేపు పొద్దున ఆరింటికి తోటల ఉంటం." వదిలాడు.

జవాబు రావడానికి పట్టినంతసేపూ సోని చెయ్యి మూతి మీదే ఉంది.

"జయప్రకాశ్ గారు. తోట మీదే మేస్త్రీ. లారీ పంపిస్తున్నా. మేక దొరికిందా అని అడిగానని ఇంట్లో ఆమెకు చెప్పండి."

ఈసారి నవ్వడానికి సోని కూడా కలిసింది. నవ్వి, ఫోన్ వైపు చూసి, "దొరికిందని చెప్పు నొక్కండమ్మా," అన్నది.

తెల్లారి లారీ పక్కన వరుస కట్టారు. హీరాలాల్ ఒక్కొక్క భుజమే ముడుతూ వచ్చాడు. చివర్న ఒక భుజం చేతికి తగిలింది గానీ పేరు వినబడలేదు. ఎవరి భుజమో ఆయనకు తెలుసు. అయినా చెయ్యి తీయకుండా నిలబడ్డాడు.

"ముట్టుకుంటే పేరు చెప్పాలె," అన్నాడు. "ఫోన్ గూడ చెప్తది."

"మోతీలాల్," అన్నది గొంతు, నేల చూస్తూ అన్నట్టుగా.

ఆయన రెండు తట్లు తట్టాడు.