అమ్మ కారు తోలిన మర్నాడు

నాన్న ఆ కారు తెచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో దానికున్న మర్యాద ఎవరికీ లేదు. ఎర్రది. రెండే సీట్లు. పైన గుడ్డ టాపు, కావాలంటే వెనక్కి మడుచుకోవచ్చు. ఇంగ్లీషు వాళ్ళు పందేలకు వాడే రకమట. మద్రాసులో ఎవరో వాడి వాడి వదిలేసిన దాన్ని, ఆ ఏడు పత్తి బాగా పండిందని నాన్న కొనుక్కొచ్చాడు. వయసులో నాకంటే పెద్దది. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఇలాంటిది ఇంకోటి లేదు. మబ్బు పడితే మిరపకాయల మీద కప్పాల్సిన పట్టా తీసుకెళ్ళి దాని మీద కప్పేవాడు. అమ్మ, నేను కల్లంలోకి పరిగెత్తి చీరలూ దుప్పట్లూ కాయల మీద పరిచేవాళ్ళం.

మిరపకాయల ఆఖరి బస్తాలు గుంటూరు యార్డుకి వెళ్ళిపోయిన రోజు నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. ఊడ్చిన కల్లం అద్దంలా ఉంది.

"రావే పున్నమ్మా, నీకు కారు నేర్పుతా" అన్నాడు.

అమ్మ ముందు నమ్మలేదు. తర్వాత కొంగు బిగించి కూర్చుంది. బండి ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ ఎగిరి ఆగిపోయింది. ఆ తర్వాత కదిలింది. కల్లం చుట్టూ తిరిగింది. అమ్మ దగ్గుతూ నవ్వుతూ, నవ్వుతూ దగ్గుతూ నడిపింది. నేను గడ్డివామి పక్కన నిలబడి చూశాను. దిగాక కూడా చాలాసేపు అమ్మ చేతులు గుండ్రంగా స్టీరింగు పట్టుకున్నట్టే ఉన్నాయి.

మర్నాడు పొద్దున నాన్న బండి స్టార్టు చేస్తే ముందు భాగం నుంచి టప, టప, టప అని చప్పుడు. ఆక్సిలేటర్ తొక్కితే టపటపటప. నాన్న ఇంజను ఆపి బండి వైపు కాదు, వంటింటి వైపు చూశాడు.

"ఏమే! ఏం చేశావే దీన్ని?"

"నేనేం చేశానండీ? మీరు చెప్పినట్టే తొక్కాను."

"క్లచ్చు కాల్చేశావు. నిన్నే అనుకున్నా."

నిన్న అనుకున్నవాడు నిన్ననే అనొచ్చుగా! నేను వాకిట్లోనే ఉన్నాను. నాకు కోపం వస్తే మాట రాదు. ఝాన్సీ అని పేరు పెట్టి ఏం లాభం అని ఇంట్లో అందరూ నన్ను వెక్కిరిస్తారు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. నాన్నే చెప్పుకొచ్చాడు. అరుగు మీద కూర్చుని, అమ్మ స్టీరింగు ఎలా పట్టుకుందో, కాళ్ళు ఎలా వేసిందో చేసి చూపించాడు. నాన్న స్నేహితుడు బాపయ్య బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వదినా, అది రోలు కాదు, కారు! రుబ్బేశావా?"

పంపు దగ్గర ఒకామె, "పున్నమ్మా, మా ఆయన ట్రాక్టరుంది, అది కూడా ఓసారి తోలిపెట్టకూడదూ" అంది. నాయనమ్మ అయితే, "మొగుడు ముచ్చటపడి ఎక్కమంటే మాత్రం ఎక్కడమేనా" అని రెండు పూటలా అదే పాట. అమ్మ బిందె నింపుకుని వచ్చేది, వడ్డించేది, గిన్నెలు తోమేది. ఇక ఎప్పటికీ ఆ బండి మీద చెయ్యి వెయ్యొద్దని నాన్న అందరి ముందూ చెప్పాడు. నేను డైరీలో బాపయ్య బాబాయి పేరు రాసి కొట్టేశాను. కాగితం చిరిగింది. నాన్న పేరు రాయడానికి చెయ్యి రాలేదు, అందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ప్రత్తిపాడు నుంచి మెకానిక్ బుడే వచ్చాడు. బానెట్ ఎత్తి, ఇంజను ఆన్ చేయించి, తల వంచి విన్నాడు. క్లచ్చు తొక్కమన్నాడు, వదలమన్నాడు.

"తొక్కినా వదిలినా సౌండు అట్లాగే ఉంది నారాయణగారూ. క్లచ్చు కాదండీ. లోపల బేరింగు అయ్యుంటుంది. ఇంజను దించి చూడాల."

క్లచ్చు కాదు! నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నాన్న మొహం చూశాను.

"బేరింగా? రేజ్ చేసి చేసి అది కూడా పగలగొట్టిందన్న మాట మా ఆవిడ" అన్నాడు నాన్న.

పళ్ళెం తీసుకెళ్ళి అరుగు మీద పెట్టేశాను. ఏ భాగం పేరు చెప్పినా దాన్ని పాడుచేసింది అమ్మే. రేపు చక్రం ఊడితే అదీ అమ్మే.

బుడే దగ్గి, కళ్ళు తుడుచుకున్నాడు. "ఏందండీ, మీ ఊళ్ళో ఇంకా మిరప కోరు పోలేదే."

"మిరప పండించే ఊరయ్యా. కోరు ఎక్కడికి పోద్ది?" నాన్న కూడా దగ్గాడు.

చూడ్డానికొచ్చి పక్కనే నిలబడ్డ బాపయ్య బాబాయి తుమ్మాడు. ఎవరూ పట్టించుకోలేదు. మా ఊళ్ళో మాఘం నుంచి అందరూ దగ్గుతూనే ఉంటారు, తుమ్ముతూనే ఉంటారు. మిరప ఘాటుకి దగ్గినవాణ్ణి ఎందుకని అడిగేవాడు ఉండడు.

కానీ కాయలు వెళ్ళిపోయాయి. కల్లం ఖాళీ. కారం దంపుళ్ళు అయిపోయాయి. ఇంట్లో ఇప్పుడు ఎవరం దగ్గడం లేదు. ఆ బానెట్ మీదకి వంగినవాళ్ళే దగ్గుతున్నారు. అమ్మ కూడా ఆ రోజు కల్లంలో దగ్గుతూనే నడిపింది.

మగవాళ్ళు ఇంజను ఆపేసి, దాన్ని ఎలా దించాలో మాట్లాడుకుంటూ అరుగెక్కారు. నేను ఒక గోతం తెచ్చి బండి ముందు పరుచుకుని వెల్లకిలా కిందికి దూరాను. ఆ బండి నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఆ అరుగు మీద కూర్చున్న వాళ్ళెవరి పొట్టా పట్టదు. రేడియేటరు కింద, ఫ్యానుకి దగ్గరగా, కమిలిపోయిన గుడ్డమూట ఒకటి జారి వేలాడుతోంది. దాన్ని కట్టిన ఇనప తీగ కొస వంగి ఫ్యాను రెక్కకి అందేంత దూరంలో ఉంది. రెక్క అంచున కొత్తగా గీసుకుపోయిన మెరుపు.

పట్టుకుని లాగాను. రాలేదు. తీగ అరచేతిలో దిగింది. "రా!" అన్నాను పళ్ళు బిగించి. మూట చిరిగి మిరప గింజలూ తొడిమలూ నా మొహం మీద కురిశాయి.

నేను బయటికి వచ్చేసరికి కళ్ళు మండిపోయి ధారలు కారుతున్నాయి. ముక్కూ అంతే. అలాగే వెళ్ళి మూటని అరుగు మీద, కాఫీ గ్లాసుల మధ్య పెట్టాను.

"ఏడుస్తోందేంట్రా మీ పిల్ల?" అన్నాడు బాపయ్య బాబాయి.

"ఏడవట్లేదు. కోరు" అన్నాను.

ఆయన మూట తిప్పి చూశాడు. నీలం గళ్ళు. "ఒరేయ్ నారాయణా, ఇది నీ పాత లుంగీ కాదట్రా!"

నాన్న నోరు తెరిచాడు. "ఓర్నీ! ఎలకలు వైర్లు కొరుకుతున్నాయని, కాయలు కోసే రోజుల్లో నేనే కట్టానురోయ్! పూర్తిగా మర్చిపోయా."

బుడే వెళ్ళి స్టార్టు చేశాడు. ఆక్సిలేటర్ ఎంత తొక్కినా టప అన్న చప్పుడు లేదు. "కల్లంలో కుదుపులకి మూట జారింది, అంతే. బేరింగు బాగానే ఉందండీ" అన్నాడు నవ్వుతూ.

అందరూ నవ్వారు. నాన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎలకల గురించి, లుంగీ గురించి అప్పుడే కథ మొదలుపెట్టాడు, రేపు వీధంతా చెప్పుకోవడానికి.

"అమ్మకి చెప్పు" అన్నాను.

ఎవరికీ వినపడలేదు.

"నాన్నా, అమ్మకి చెప్పు! అమ్మ పాడుచెయ్యలేదని చెప్పు. ఎవరెవరికి చెప్పుకొచ్చావో వాళ్ళందరికీ చెప్పు!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పంపు దగ్గర ఆడవాళ్ళు తిరిగి చూశారు.

"చూశావా బాపయ్యా, దీనికీ నోరుంది!" నాన్న నవ్వు కొంచెం తగ్గింది. "సర్లేమ్మా. మీ అమ్మ ఇలాంటివేం మనసులో పెట్టుకోదులే."

"పెట్టుకున్నాను" అంది అమ్మ.

గుమ్మంలో ఉంది. చేతులకి తడిపిండి. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

"పెట్టుకున్నానండీ" అంది మళ్ళీ. చేతులు కొంగుకి తుడుచుకుని అరుగు మెట్లు దిగింది. బుడే సీట్లోంచి లేచి పక్కకి తప్పుకున్నాడు. అమ్మ కూర్చుని తలుపు వేసుకుంది. బండి ఒక్కసారి ఎగిరింది, కానీ ఆగలేదు. వీధిలో తిన్నగా వెళ్ళింది. పంపు దాటింది, కల్లం దగ్గర తిరిగింది, మళ్ళీ పంపు ముందు నుంచే వచ్చింది. అమ్మ ఎవరి వైపూ చూడలేదు. సరిగ్గా అరుగు ముందు ఆపింది.

దిగింది. ఇంజను ఆపలేదు. తలుపు కూడా వెయ్యలేదు.

"ఇప్పుడు చెప్పండి, ఏం పాడైందో" అంది.

నాన్న తల తిప్పి బాపయ్య బాబాయిని చూశాడు. ఆయన ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో పెనం పెట్టిన చప్పుడు.

వీధిలో ఇంజను ఒక్కటే మెత్తగా ఆడుతోంది. అంత శుభ్రంగా ఆడటం నేనెప్పుడూ వినలేదు.

"వెళ్ళి ఆపమ్మా ఝాన్సీ" అన్నాడు నాన్న నెమ్మదిగా.

నా కళ్ళు ఇంకా మండుతున్నాయి. చెయ్యి కూడా. స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను.

"నువ్వే ఆపు" అన్నాను.

నాన్న అరుగు దిగడానికి చాలాసేపు పట్టింది.