నేల మెత్తబడిన రోజులు

ఆ వీధిలో అందరూ ఆయన్ని బూట్ల మాస్టారనే పిలిచేవారు. ఒకప్పుడు బడిలో డ్రిల్లు నేర్పేవారు. బడి మూతపడ్డాక, పరుగు మీద ప్రేమ చంపుకోలేక, ఒక ఆటల పత్రికకు పరుగు బూట్ల గురించి రాయడం మొదలుపెట్టారు. కంపెనీలు బూట్లు పంపేవి. మాస్టారు వాటిని తొడుక్కుని వారాల తరబడి పరుగెత్తి, మంచీ చెడూ మొహమాటం లేకుండా రాసేవారు. ఆయన బాగుందంటే కళ్ళు మూసుకుని కొనేయొచ్చని పాఠకుల్లో పేరు.

ఇంట్లో మాత్రం మంచం కిందా, అలమర మీదా, చివరికి స్నానాలగది గుమ్మం దగ్గరా బూట్లే. ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆయన భార్య, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళతో, “ఈ ఇల్లు చూస్తే నేను పెళ్ళాడింది మనిషిని కాదు, జెర్రిని అనుకుంటారు” అని నవ్వేది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు వచ్చిన పెట్టెలో రోజువారీ పరుగుకోసం చేసిన బూట్లున్నాయి. పందేలకు పనికొచ్చేవి కావు. పొద్దున్నే తొడుక్కుని, ఎవరితోనూ పోటీ లేకుండా, ఒంటికి చెమట పట్టేదాకా పరుగెత్తడానికి చేసినవి. అడుగు లావుగా, స్పాంజి దిమ్మలా ఉంది. మాస్టారు మడమ కింద బొటనవేలితో నొక్కి చూశారు. లోపలికి దిగింది, తాపీగా పైకి లేచింది. ఆయన పెదవి విరిచారు. ఇలాంటి మెత్తటి బూట్లంటే ఆయనకు మొదట్నుంచీ గిట్టదు. వీటిలో కాలు నిలకడగా ఉండదనీ, మడమ పక్కకి ఒరుగుతుందనీ ఎన్నోసార్లు రాశారు.

కానీ తొడుక్కుని కాలవగట్టు మీద పరుగెత్తిన మొదటి పొద్దునే ఆ అభిప్రాయం మారిపోయింది. కంకర తేలినచోట కూడా అరికాలికి ఏమీ గుచ్చుకోలేదు. గట్టు దిగి తారురోడ్డెక్కినా తేడా తెలియలేదు. ఇన్నాళ్ళూ వీటి మీద అనవసరంగా కక్షగట్టానేమో అనుకున్నారు. వారం గడిచేసరికి ఆ మెత్తదనం ఇంకా పెరిగినట్టనిపించింది. మామూలుగా ఏ బూటైనా వాడేకొద్దీ అడుగు అణిగిపోయి గట్టిపడుతుంది. ఇది రివర్సులో నడుస్తోంది. ఆ సంగతి వింతగా అనిపించినా, కొత్తరకం సరుకేదో వాడి ఉంటారని సరిపెట్టుకున్నారు. పత్రికకు పంపిన సమీక్షలో, ‘పరుగెడుతున్నంతసేపూ కింద నేల ఉందన్న సంగతే మరిచిపోయాను’ అని రాశారు. అంత మెచ్చుకోలు ఆయన కలం నుంచి రావడం చూసి పత్రిక ఎడిటరమ్మే ఆశ్చర్యపోయింది.

మాస్టారితో రోజూ పరుగుకి వచ్చేది ఆయన బావమరిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మనిషి వాగుడుకాయ, ఊపిరి సగం మాటలకే ఖర్చుపెట్టేవాడు. సమీక్ష అచ్చయిన కొద్దిరోజులకు ఒక పొద్దున అతను మాట్లాడడం మానేసి, చెవులు రిక్కించి పక్కనే పరుగెత్తసాగాడు. కాసేపటికి, బావ కుడికాలు చప్పుడు చేస్తోందన్నాడు. ఎడమకాలు మెత్తగా పడుతోందట, కుడికాలు మాత్రం తడిబట్ట బండ మీద కొట్టినట్టు టప్పుమంటోందట.

మాస్టారు విన్నారు. నిజమే. బూటు అడుగు ఎక్కడో ఊడి ఉంటుందని గట్టు మీదే కూర్చుని వంచి చూశారు, గిల్లి చూశారు. ఎక్కడా చెక్కు చెదరలేదు. ఇద్దరి పాదాలూ ఒకటే కొలత కాబట్టి, బావమరిదిని తొడుక్కుని పరుగెత్తమన్నారు. అతను చెట్టుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. చప్పుడు లేదు.

“బానే ఉన్నాయి బావా,” అన్నాడు. “కానీ నువ్వు రాసినంత మెత్తగా ఏం లేవే. రాళ్ళు తెలుస్తూనే ఉన్నాయి.”

వాడిది మొద్దుకాలు, వాడికేం తెలుసు అని మాస్టారు కొట్టిపారేశారు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆయన కావాలనే వెనకబడి నడిచారు, తన కాలి చప్పుడు బావమరిదికి వినబడకుండా.

తర్వాత జరిగింది ఒక మధ్యాహ్నం. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తుంటే, భార్య మిషను ఆపి నేలవంక చూసింది. వంటింటి గుమ్మం నుంచి కుర్చీదాకా, అడుగు విడిచి అడుగు, ఎర్రటి మరకలు. ఆమె ఆయన్ని కూర్చోబెట్టి కుడిపాదం ఎత్తి చూసింది. మిషను సూది ముక్క అరికాల్లో సగానికి పైగా దిగి ఉంది. పట్టుకారుతో దాన్ని లాగుతున్నంతసేపూ ఆమె మొహం ముడుచుకుపోయింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

“నొప్పెట్టలేదా మీకు?” అంది.

పరుగెత్తేవాడి అరికాలు కదా, కాయగాసి తోలులా అయిపోయిందన్నారు మాస్టారు. ఆమె సూదిముక్కను చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆయన వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అలమర మీంచి పాత పందెం బూట్లు దించారు. కాగితం లాంటి పలచని అడుగు, దాని కింద ఇనుప మేకులు. వాటితో గచ్చు మీద నిలబడితే ఒక్కొక్క మేకూ అరికాల్లోకి పొడుచుకొస్తుందని, తొడుక్కున్న ప్రతిసారీ పళ్ళు బిగించేవారు. ఇప్పుడు తొడుక్కుని నిలబడ్డారు. మెత్తగా ఉంది. ఒక అడుగు వేశారు, మరొకటి వేశారు. మెత్తగానే ఉంది. బూట్లు విప్పేసి ఉత్త కాళ్ళతో గచ్చు మీద నిలబడ్డారు. ఎవరో దుప్పటి మడిచి కిందేసినట్టుంది. వంగి చేత్తో తడిమి చూశారు. నేల నేలలాగే, చల్లగా, గరుగ్గా చేతికి తగిలింది.

అచ్చేసిన సమీక్షలో ఆయన మెచ్చుకున్నది బూట్లను కాదు.

తెలిసింది కదా, తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు. నరం ఏదో పట్టేసి ఉంటుంది, కుర్చీలో వంగి రాయడం వల్లే, దానంతటదే వదులుతుంది అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. అసలు భయం వేరు. డాక్టరు చూస్తే ముందు పరుగు ఆపమంటాడు. పొద్దున్నే లేచి పరుగెత్తని తనను ఆయన ఊహించుకోలేకపోయారు. స్నానం చేసేటప్పుడు నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమో అని చేత్తో చూసుకోవడం, మెట్లు దిగేటప్పుడు కాళ్ళవంకే చూస్తూ దిగడం అలవాటు చేసుకున్నారు. భార్య అడిగితే, ఏముంది, జాగ్రత్త అనేవారు. ఈలోగా పాఠకులు మెచ్చుకుంటూ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఒకాయనైతే ఆ మాట నమ్మి ఇంటిల్లిపాదికీ కొన్నానన్నాడు. మాస్టారు సరేనండీ, మంచిదండీ అంటూ ఫోన్లు పెట్టేసేవారు.

వాన వెలిసిన ఒక పొద్దున బావమరిదీ ఆయనా పెద్దరోడ్డు దాటుతున్నారు. దూరంగా పాలవ్యాను వస్తోంది. దాటడానికి బోలెడంత వ్యవధి ఉంది. సరిగ్గా నడిరోడ్డులో మాస్టారి కుడికాలి వేళ్ళు పైకి లేవలేదు. ముందుభాగం తారుకి రాసుకుంది, ఆయన బోర్లా పడ్డారు. లేవబోయారు. కాలు ఎక్కడుందో తెలియలేదు. మెడ తిప్పి చూస్తే తప్ప అది వంగి ఉందో చాచి ఉందో అంతుబట్టలేదు. వ్యాను హారను మోగుతూనే ఉంది. ముందుకి వెళ్ళిపోయిన బావమరిది వెనక్కి దూకి, ఆయన చొక్కా మెడపట్టి, గోనెబస్తాని ఈడ్చినట్టు ఈడ్చాడు. వ్యాను వాళ్ళిద్దరి పక్కనుంచీ బురద చిమ్ముకుంటూ పోయింది. మాస్టారి కుడికాలి బూటు రోడ్డు మీదే ఉండిపోయింది. అది ఊడిన సంగతి ఆయనకి తెలియలేదు.

బావమరిది రొప్పుతూ ఆ పాదంవంక చూశాడు. ఎప్పుడో గోరు ఊడిపోయి, వేలు నల్లబడి ఉంది.

“ఎన్నాళ్ళనుంచి బావా?” అన్నాడు మెల్లగా.

అప్పుడు మాస్టారు మొత్తం చెప్పారు. అక్కకి చెప్పొద్దన్నారు. అతను ఆ మాట విననట్టే ఊరుకుని, ఫోను తీసి ముందు అక్కకే చేశాడు.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. వెన్నెముక లోపల, నడుం దగ్గర ఒక గడ్డ పెరుగుతోంది. కాళ్ళకు వెళ్ళే నరాల్ని అది కొద్దికొద్దిగా నొక్కుతూ వచ్చింది. నొప్పి పెట్టే రకం కాదు కాబట్టి మనిషి కనిపెట్టలేడు. ఆపరేషన్ చేసి తియ్యాలి. చేస్తే పోయిన స్పర్శ తిరిగొస్తుందో లేదో చెప్పలేం. చెయ్యకపోతే మాత్రం కాళ్ళు రెండూ పోతాయి, అక్కడితో ఆగదు.

“కొన్ని వారాల ముందు వచ్చి ఉంటే బాగుండేది,” అన్నాడు డాక్టరు.

భార్య ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే తేలికపడేవారు. ఆమె చీరకొంగు చివర దారం పోగొకటి వేలికి చుట్టుకుంటూ, ఆపరేషన్ ఎప్పుడని మాత్రం అడిగింది.

ఆసుపత్రిలో చేరే ముందు మాస్టారు ఎడిటరమ్మకి ఫోన్ చేశారు. ఆ సమీక్ష తప్పనీ, తన కాళ్ళకు స్పర్శ లేనప్పుడు రాసిందనీ, వెనక్కి తీసుకుంటున్నట్టు తన పేరు మీదే వెయ్యమనీ చెప్పారు. కారణం రాయక్కర్లేదేమోనని ఆవిడ నసిగింది. రాయండి, ఎవరికైనా కాలు మెత్తగా తగిలితే ముందు బూటుని కాదు, ఒంటిని చూసుకుంటారన్నారు మాస్టారు.

ఆపరేషన్ అయిన మర్నాడు నర్సు వచ్చి కళ్ళు మూసుకోమంది. దూదిపుల్లతో వేళ్ళను తాకుతూ పోతాననీ, తెలిసినప్పుడల్లా చెప్పమనీ అంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఎడమకాలి వేలి మీద చీమ పాకినట్టనిపిస్తే చెప్పారు. మళ్ళీ చెప్పారు. తర్వాత కుడికాలి దగ్గర, “ఆఁ, తెలుస్తోంది. ఇప్పుడు కూడా,” అన్నారు సంతోషంగా.

కళ్ళు తెరిచారు. నర్సు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. దూదిపుల్ల బల్ల మీదుంది. మంచం పక్కనున్న భార్య కిటికీవైపు తిరిగిపోయింది.

నెలలు గడిచాయి. ఎడమకాలికి స్పర్శ పూర్తిగా తిరిగొచ్చింది. కుడికాలికి మాత్రం రాలేదు, దానికి చీలమండ నుంచి పిక్కదాకా ప్లాస్టిక్కు పట్టీ వేశారు. పరుగు పోయింది. కంపెనీలు పంపిన బూట్లను బావమరిది తొడుక్కుని పరుగెత్తి వచ్చి చెబితే, మాస్టారు గుచ్చి గుచ్చి అడిగి రాసేవారు. గడ్డ మొత్తం తీశాననే నమ్మకమే గానీ మళ్ళీ రాదని మాటివ్వలేనన్నాడు డాక్టరు. అందుకని ఆయన రోజూ మంచం దిగగానే ఎడమపాదం గచ్చుకి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు అలా ఉండేవారు. చలి చురుక్కున తగిలితే లేచి కాఫీకి వెళ్ళేవారు.

ఒక పొద్దున ఆ చలి రావడం ఆలస్యమైంది. వచ్చింది, కానీ బట్ట చాటునుంచి వచ్చినట్టు వచ్చింది. పాదం తీసి మళ్ళీ పెట్టారు. కిందటిసారి తనకు తాను చెప్పుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. చలికాలం కదా, నిద్రమత్తు కదా, తిమ్మిరై ఉంటుంది.

ముందుగదిలో మిషను నడుస్తోంది.

“ఏమే,” అని పిలిచారు. “ఒకసారి ఇలా రా.”

ఆయన గొంతు వినగానే మిషను ఆగింది. ఆమె పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి, అడగకుండానే, గచ్చు మీద ఆనించి ఉన్న ఆ పాదంవంక చూసింది. ఆమె ఎప్పుడూ సర్ది ఉంచే ఆసుపత్రి సంచీ తీసి భుజాన వేసుకునేసరికి కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది.