నైలాను దారం

ఎండుతున్న కవళ్ళ చేపలను తిరగేస్తుంటే అసిరమ్మ ఎడమ మణికట్టుకి కట్టిన దారం చిన్నగా లాగింది. పిల్ల కదిలిందన్న మాట. చేతులు చీరకి తుడుచుకుని లేచి, మూడు వెదురుగడల మధ్య వేలాడుతున్న చీర ఉయ్యాల దగ్గరికి కుంటుతూ వెళ్ళింది.

అసిరమ్మకి ఏడేళ్ళప్పుడు మెడ బిగదీసే మెదడుజ్వరం వచ్చింది. ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు గానీ వినికిడి తిరిగి రాలేదు. కుడికాలి వేళ్ళు నల్లబడి రాలిపోయాయి. ఏడాదికోసారి మూర్ఛ వచ్చి పడిపోతుంది. అన్నీ తెలిసే నూకయ్య పెళ్ళి చేసుకున్నాడు. నూలుదారం మాటిమాటికీ తెగిపోతోందని కొత్తరకం నైలాను వల దారం తెచ్చి అతనే కట్టాడు. "ఏనుగు లాగినా తెగదే!" అని మురిసిపోయాడు.

మధ్యాహ్నం నరసన్నపేట నుంచి ఎండుచేపల కోసం ఆడబడుచు తాయారు వచ్చింది.

"పిల్లని నీ కూడా తీసుకుపోయే," అంది అత్త దానమ్మ. "దీనికి పిడుగు పడ్డా ఇనపడదు."

"ఊరుకోయే అమ్మా! నీ తిట్లు ఇనపడని కోడలు మళ్ళీ దొరుకుతాదేటి?"

పెదాలు చూసి అసిరమ్మ కూడా నవ్వింది. "నా పిల్లని ఎవులికీ ఇవ్వను," అంది, పేటంతా వినబడేలా. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకి తెలియదు.

పొద్దు వాలుతుండగా కళ్ళముందు ఇసక తెల్లగా మెరిసింది. అంతవరకే తెలుసు.

మెలకువ వచ్చేసరికి నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. మణికట్టు కోసుకుపోయి ఉంది. దారం వెంట చూపు పోనిచ్చింది. దాని చివర గడలు కూలి ఉన్నాయి. తాయారు చేతుల్లో పిల్ల, నుదురు చిట్లి, పెదాలకి ఇసకతో, గుక్కపట్టి ఏడుస్తోంది. మూర్ఛలో కొట్టుకున్న తన చెయ్యే ఉయ్యాలని లాగి పడేసింది. నూలుదారమైతే తెగిపోయేది.

అసిరమ్మ చేపల కత్తి అందుకుని దారం కోసేసింది.

"వదినా, ఏడిస్తే నీకు ఇనపడతాది. తీసుకెల్లిపో."

ఎప్పుడూ అరిచినట్టుండే గొంతు పక్కనున్న వాళ్ళకే వినబడింది.

"ఇప్పుడేటి తొందర? ఆడ్ని రానీ, రేపు సూద్దుం," అంటూ దానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అసిరమ్మ ఆమె పెదాల వైపు చూడలేదు.

నూకయ్య పడవ ఒడ్డుకి రాకముందే తాయారు బస్సెక్కడానికి బయలుదేరింది. ఆమె భుజం మీంచి పిల్ల రెండు చేతులూ చాపింది. అసిరమ్మ వంగి కవళ్ళు గంపలోకి ఎత్తుకుంటూ ఉండిపోయింది.

తొందరలో ఉగ్గుగిన్నె మరిచిపోయారు. కూలిన గడల పక్కన ఇసకలో ఒరిగి ఉంది, ముక్కు చివర ఒక్క పాలచుక్కతో.