గీతకు ఇవతల

పిండిని బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచి, వెన్న రాసి, చక్కెరా దాల్చినచెక్క పొడీ చల్లి, ఆర్డిస్ దాన్ని చాప చుట్టినట్టు చుట్టడం మొదలుపెట్టింది. అది శుక్రవారం. శుక్రవారం బడిపిల్లలకు మాంసం, బీన్స్ వేసి వండే చిల్లీ, దాల్చినచెక్క రోల్స్. నూట డెబ్బై రోల్స్ కావాలి. చుట్టను కత్తితో కోస్తే నలిగిపోతుందని దారం వేసి కోస్తుంది. దారాన్ని కింద నుంచి తెచ్చి పైన మెలివేసి లాగితే ముక్క శుభ్రంగా తెగి పడుతుంది. ఇరవై రెండేళ్లుగా అలాగే కోస్తోంది. ఒక్క శుక్రవారం కూడా లెక్క తప్పలేదు.

మనిషి పొడగరి. యాభై నాలుగేళ్లొచ్చినా ఇంకా ఐదడుగుల పదకొండు అంగుళాలుంది. పొయ్యి మీది పొగగూడు తగలకుండా మెడ వంచీ వంచీ భుజాలు ముందుకు వాలాయి. చేతులు బాగా పెద్దవి. ఎడమచేతి ఉంగరపు వేలు పైకణుపు దగ్గర పక్కకు తిరిగి ఉంటుంది. పదిహేడో ఏట ఓ బంతిని ఆపబోయి విరగ్గొట్టుకుంది. ఆ వేలికి ఉంగరం ఎక్కలేదు కాబట్టి పెళ్లినాడు మెర్ల్ పక్కవేలికి తొడిగాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

బల్ల ముందు నిలబడినా సరే, కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు కాస్త వంచే నిలబడుతుంది. అది తనకు తెలియదు. పక్కన ఉల్లిపాయలు తరిగే బెవ్‌కు మాత్రం రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

"కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడవే తల్లీ, నీ రోల్స్ ఎవరూ ఎత్తుకుపోరులే" అంది బెవ్.

"నువ్వున్నావుగా" అంది ఆర్డిస్ తల ఎత్తకుండా.

పదింటికి కారీ వంటగది తలుపు దగ్గరకొచ్చింది. కారీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. హంగేరీలో రెండేళ్లు, ఇటలీలో ఒక ఏడాది ఆడి వచ్చింది. మోకాలు పాడవకపోతే దేశపు జట్టులో ఉండేదని మా ఊరు టిల్బరీలో చెప్పుకుంటారు. లోపలికి రాకుండా గడప మీదే నిలబడింది. జుట్టుకు వల లేనివాళ్లను ఆర్డిస్ వంటగదిలోకి రానివ్వదు.

"ఆర్డిస్ గారూ, సాయంత్రం ఐదింటికల్లా ఆఫీసులో సహాయ కోచ్ పేరు ఇచ్చెయ్యాలి. సోమవారం నుంచి ప్రాక్టీసు. మీరే అని రాయనా?"

ఆర్డిస్ చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"మూడుంబావుకి మెర్ల్‌కి మాత్ర వెయ్యాలి కదమ్మా."

"తెలుసండీ. ఆ గంటన్నరా ఎవరైనా చూసుకోరా అని. ఆఖరి పిరియడ్‌లో ఒకసారి జిమ్‌కి రండి, పిల్లలకి ఎలా నిలబడాలో చూపించండి చాలు. తర్వాతే చెబుదురు."

కారీ వెళ్లాక బెవ్ ఊరుకోలేదు. "పక్కింటి ఎల్నా మధ్యాహ్నం వచ్చి సూప్ తాగిస్తుందిగా. ఆ మాత్ర కూడా వెయ్యమంటే చెయ్యి అరిగిపోతుందా ఏంటి? అడిగావా అసలు?"

"అడుగుతాలే."

అడగలేదు. ఎనిమిదేళ్ల కింద మెర్ల్‌కు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఉదయం అతనికి గెడ్డం గీసి, బట్టలు మార్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, వాకర్ పక్కన నిలిపి, రేడియో పెట్టి బడికి వస్తుంది. మూడూ పదమూడుకు ఇంటి ముందు కారు ఆపుతుంది. చర్చి విందులకు రాలేకపోవడానికి, నెబ్రాస్కాలో కూతురి దగ్గరకు వెళ్లలేకపోవడానికి, దేనికైనా ఆ మాత్రే కారణం. మెర్ల్ చెడ్డవాడేం కాదు. వెళ్లొద్దని ఏనాడూ అనలేదు. అసలు అతన్ని ఎవరూ అడిగింది లేదు.

కానీ ఈ వారం రోజులుగా ఆర్డిస్‌కు మనసు మనసులో లేదు. కోచ్ పని ఆమెకు కావాలి. ఎంత కావాలంటే, మంగళవారం సరుకుల గదిలో తలుపు వేసుకుని, బీన్స్ డబ్బాల మధ్య, చేతులు చాపి ఈ అర నుంచి ఆ అరకు పక్క అడుగులు వేసి చూసుకుంది. కాళ్లు మరిచిపోలేదు. బయటికొచ్చినప్పుడు ఆమె మొహం ఎర్రబడి ఉంటే, లోపల ఉక్కగా ఉందని బెవ్‌కు చెప్పింది. నవంబరులో ఉక్క ఏమిటని బెవ్ అడగకపోవడం ఆ మనిషి మంచితనం.

మా ఐయోవాలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ అంటే మొన్న మార్చి దాకా ఆరుగురి ఆట. ముగ్గురు ఫార్వర్డ్‌లు నడిమి గీతకు అవతల ఉండి బంతిని బుట్టలో వేస్తారు. ముగ్గురు గార్డులు ఇవతల ఉండి ఎదుటి జట్టును వేయనివ్వరు. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. గీత ఎవరూ దాటకూడదు. బొటనవేలు తగిలినా ఈల వేస్తారు. ఆర్డిస్ నాలుగేళ్లు గార్డుగా ఆడింది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా బుట్టకేసి బంతి విసరలేదు, ఆమె బుట్ట గీతకు అవతల ఉంది మరి. బంతి లాక్కుని గీత దాకా తెచ్చి, అవతలున్న ఫార్వర్డ్ లవాన్ చేతికిచ్చి, తను అక్కడే నిలబడి చూసేది. రాష్ట్ర పోటీల నాడు ఊరు ఊరంతా డి మోయిన్‌కు తరలిపోయింది. పేపర్లో లవాన్ ఫోటో వేశారు, ఆ పక్కనే ఓ మోచెయ్యి ఉంటుంది. అది ఆర్డిస్‌ది.

పన్నెండున్నరకు రోల్స్ అయిపోయాయి. చిల్లీ గంగాళం అడుగు కనిపించింది. రెండో తరగతి పిల్లలు పళ్లేల్లో వదిలేసిన బీన్స్ గీకి, గంగాళం తోమి, నేల తుడిచి, ఆర్డిస్ తెల్లబూట్లు మార్చుకోకుండానే జిమ్‌కు వెళ్లింది.

జిమ్‌లో పన్నెండు మంది అమ్మాయిలున్నారు. కారీ ఈల నోట్లో పెట్టుకుని తీసింది.

"మళ్లీ చెబుతున్నా, వినండి. ప్రపంచమంతా ఐదుగురే ఆడతారు. ఒలింపిక్స్‌లో ఐదుగురే, బుడాపెస్ట్‌లో నేనాడినప్పుడూ ఐదుగురే. ఐదుగురూ కాపలా కాయాలి, ఐదుగురూ బుట్టలో వెయ్యాలి. మనమొక్కళ్లమే అమ్మాయిల్ని మధ్యలో ఆపేశాం. ఇప్పుడు గీత దాటడం తప్పు కాదు. బంతి దొరికాక పది సెకన్లలో దాటకపోతేనే తప్పు. అర్థమైందా?"

అమ్మాయిలు తలలూపారు. మిండీ అనే పొడుగుపిల్ల మాత్రం గోరు కొరుక్కుంటూ నిలబడింది. కిందటేడాది దాకా ఆ పిల్ల ఫార్వర్డ్. ఆటకు నలభై పాయింట్లు వేసేది, కాపలా కాయడం బొత్తిగా చేతకాదు.

"మిండీ, బంతి తీసుకుని ఆర్డిస్ గారిని దాటి బుట్టలో వెయ్యి" అంది కారీ.

మిండీ నవ్వుకుంది. వంటామెను దాటడానికి ఏం కష్టమనుకుందో ఏమో. కుడివైపు వచ్చింది, ఆర్డిస్ అక్కడే ఉంది. ఎడమకు తిరిగింది, అక్కడా ఉంది. చేతులు విప్పి, నడుము కిందికి దించి, మిండీ కళ్లు చూడకుండా పొట్ట చూస్తోంది. కళ్లు అబద్ధమాడతాయి, పొట్ట ఆడదు. పిల్ల బంతిని తల మీదికెత్తింది. ఆ ఎత్తడంలోనే బంతి మాయమైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, చెయ్యి చేతికి రాసుకోలేదు. బంతి ఆర్డిస్ చేతుల్లో ఉంది.

"చూశారా" అంది కారీ మెల్లగా. తర్వాత గట్టిగా, "వెళ్లండి ఆర్డిస్ గారూ, ఎవరూ అడ్డం లేరు, వెళ్లండి" అంది.

ఆర్డిస్ వెళ్లింది. బంతిని నేలకు ఒకసారి కొట్టింది, రెండోసారి కొట్టింది. మూడోసారీ కొట్టింది. అది ఆమె బతుకులో మొదటి మూడోసారి. నాలుగు, ఐదు. తెల్లబూట్లు నేల మీద కీచుమన్నాయి. అవతల ఆ చివర బుట్ట ఖాళీగా ఉంది, దారిలో పురుగన్నది లేదు.

నడిమి గీత దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

తూలి, నిలదొక్కుకుని, బంతిని రెండు చేతులా ముందుకు చాపి నిలబడింది. అందుకోవడానికి అవతల ఎవరూ లేరు. కారీ అలవాటుగా చెయ్యి ఊపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఆరు దగ్గర గొంతు తగ్గించి, తొమ్మిది దగ్గర ఇంకా తగ్గించింది. పది అయ్యాక ఈల వేయలేదు.

"పర్లేదండీ" అంది మిండీ వెనక నుంచి. "మా పెరట్లో గీతే లేదు, అయినా అప్పట్లో ఆడిన మా అమ్మ కూడా సగంలోనే ఆగిపోతుంది."

అందరూ నవ్వారు. మంచి నవ్వే. ఆర్డిస్ కూడా నవ్వి బంతిని కారీకి అందించింది.

కారీ ఆమెను గోడ దగ్గరకు తీసుకెళ్లింది. "దాటించడం నా పని, అది నేను చూసుకుంటా. ఇవతల ఎలా నిలబడాలో మీరు నేర్పండి. మీరు దాటక్కర్లేదు. ఇప్పుడు మీరు చేసింది ఇటలీలో కూడా ఇద్దరికే వచ్చు, తెలుసా?"

"మెర్ల్‌ని ఒక మాట అడగాలమ్మా."

"అడగండి. ఐదుకి పావు ఉందనగా నేనే ఫోన్ చేస్తా."

మొక్కజొన్న కోతలు చాలామటుకు అయిపోయాయి. రోడ్డుకిరువైపులా మోళ్లే. ఎంతో దూరంలోని ఊళ్ల చర్చి గోపురాలు కూడా కనిపిస్తున్నాయి. ఆర్డిస్ బండి తోలుతూ పైకే అనుకుంది: "చేస్తానని చెప్తా." ఇంకోసారి అంది. బాగానే ఉంది వినడానికి.

ఆమెకు ఇలాంటి పిలుపు అంతకుముందు ఒకసారి వచ్చింది. యాభై ఏడులో, బడి చదువు అయిన వేసవిలో. వేరే రాష్ట్రంలో ఓ కంపెనీ జట్టు వాళ్లు లవాన్‌కూ ఈమెకూ ఉత్తరాలు రాశారు. దక్షిణ అమెరికాలో ప్రపంచ పోటీలున్నాయి, పొడుగు గార్డులు కావాలి, మూడు రోజులు ఆడించి చూస్తాం, అక్కడ కోర్టు మొత్తం ఆడాల్సి ఉంటుంది అని. లవాన్ వెళ్లింది, విమానమెక్కింది. ఆర్డిస్ తన తండ్రి ఒప్పుకోవడం లేదని, పాలు పితికేవాళ్లు లేరని జవాబు రాసింది. ఊరంతటికీ అదే చెప్పింది. పిల్ల బతుకు పాడు చేశాడని ఊరు ఆ పెద్దమనిషిని ఇరవై ఏళ్లు ఆడిపోసుకుంది. ఆయన ఆ ఉత్తరం చూడనే లేదు. చర్చి మెట్ల మీద ఎవరో మొహం మీదే అడిగినప్పుడు ఆయన కూతురివైపు చూశాడు, టోపీ పెట్టుకున్నాడు, ట్రక్కు దగ్గరకు నడిచాడు. ఆ నిందతోనే చనిపోయాడు. ఈ సంగతి తెలిసింది ఇక ఆర్డిస్ ఒక్కదానికే.

మూడూ పదమూడుకు కారు ఆపింది. మెర్ల్ కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. రేడియో మొక్కజొన్న ధర చెబుతోంది. తల కిటికీవైపు వాలి ఉంది.

"మెర్ల్, నీతో ఒక మాట" అంది కోటు విప్పుతూ.

అతను తల తిప్పలేదు. దగ్గరకెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆడే చెయ్యి, ఎడమది. చల్లగా ఉంది. పడిపోయిన చెయ్యి ఎప్పుడూ చల్లగానే ఉండేది, ఇప్పుడు రెండూ ఒకటయ్యాయి. మొహంలో బాధేమీ లేదు. ఎల్నా తాగించిన సూప్ మరక గెడ్డం మీద ఎండిపోయింది.

గోడ గడియారం మూడుంబావు చూపించింది. ఆర్డిస్ వంటింట్లోకెళ్లి, డబ్బాలోంచి మాత్ర తీసి, గ్లాసులో నీళ్లు పట్టి తెచ్చి అతని ముందు నిలబడింది. కాసేపు అలాగే నిలబడి, మాత్రను మళ్లీ డబ్బాలో వేసింది. తడిగుడ్డతో మరక తుడిచింది. రేడియో కట్టేసింది. ఎదుటి కుర్చీలో కూర్చుంది.

ముప్పై అయిదేళ్ల కాపురం. ఏడుపు రావాలి. రాలేదు, దాని బదులు భయం వచ్చింది. ఇక తనను ఆపేవాళ్లు ఎవరూ లేరు. సోమవారం మూడుంబావుకు ఎక్కడుండాలన్నది ఇక ఆమె ఇష్టం. ఆ ఆలోచన వచ్చేసరికి రెండు చేతులూ కుర్చీ అంచును గట్టిగా పట్టుకున్నాయి. డాక్టరుకు ఫోన్ చేయాలని తెలుసు. లేవలేదు.

పావు తక్కువ ఐదుకు ఫోన్ మోగింది. ఆరోసారి మోగాక తీసింది.

"ఆర్డిస్ గారూ, నేను కారీని. ఏమన్నారు మెర్ల్ గారు?"

ఫోన్ దగ్గర నుంచి మెర్ల్ భుజం, చెవి, వెనక జుట్టు కనిపిస్తున్నాయి. పొద్దున తనే దువ్వింది.

"కుదరదమ్మా."

"ఒప్పుకోలేదా?"

"మూడుంబావుకి మాత్ర వెయ్యాలి. వేరేవాళ్లు వేస్తే మింగడు."

"నేనొచ్చి ఆయనతో మాట్లాడనా?"

"వద్దు. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు" అంది ఆర్డిస్. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"సరేనండీ. ఇంకొకరి పేరు రాసేస్తా మరి. ఆయన్ని అడిగానని చెప్పండి."

"చెప్తాను."

ఫోన్ పెట్టేసి, మళ్లీ తీసి, డాక్టరు నంబరు తిప్పింది.

చీకటి పడుతుండగా వచ్చారు. డాక్టరు మెర్ల్ చెయ్యి పట్టుకుని, కిందికి దించి, పోయినట్టు ఎప్పుడు చూశారని అడిగాడు. ఐదింటికి, అంది ఆర్డిస్. డాక్టరు ఆమె మొహంలోకి ఒకసారి చూసి, కాగితం మీద ఐదనే రాసుకున్నాడు. ఎల్నా వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, "పోన్లేవే, ఇన్నేళ్లు నిన్ను కట్టిపడేశాడు, ఆయనకీ విముక్తే, నీకూ విముక్తే" అని కళ్లు తుడుచుకుంది. ఆర్డిస్ కాదనలేదు. శవాన్ని తీసుకెళ్లే ఇద్దరు మనుషులు పెరటి తలుపు గుండా మోసుకెళ్లడానికి దారి చేసుకుంటూ కుర్చీని జరిపారు, చాపను మడిచారు, కుర్చీ పక్కనున్నవాటిని అడ్డం తీసి ఎక్కడ వీలైతే అక్కడ పెట్టారు. బండి వెళ్లిపోయింది. రేపొద్దున్నే వస్తానని ఎల్నా కూడా వెళ్లిపోయింది.

ఆర్డిస్ కాఫీ పెట్టుకుందామని లేచి, రెండడుగులు వేసి ఆగింది. మెర్ల్ వాకర్, కాళ్లకు తొడిగిన పాత టెన్నిస్ బంతులతో సహా, వంటింటి గుమ్మంలో రెండు కాళ్లు ఇటూ రెండు కాళ్లు అటూ, వాళ్లు పెట్టిపోయిన చోటే ఉంది.