ఆడదాని చెయ్యి పడని బండి

"కాస్త పక్కకి తప్పుకో నోరీన్. బంపర్‌లో నువ్వు పడుతున్నావు," అన్నాడు డెల్మర్.

ఆమె గరాజ్ ముందు చతికిలబడి, పాత పళ్ల బ్రష్షుతో బండి పేరు అక్షరాల సందుల్లో ఇరుక్కున్న పాలిష్ తీస్తోంది. అతను చేతికర్ర మీద ఆనుకుని, అమ్మకం ప్రకటన కోసం ఫోనులో ఫోటోలు తీస్తున్నాడు. అద్దంలా మెరిసే ఆ బంపర్‌లో ఆకాశం పడొచ్చు, పక్కింటివాళ్ల మేపుల్ చెట్టు పడొచ్చు, ఆమె మాత్రం పడకూడదు. నోరీన్ లేచి తప్పుకుంది. ముప్పై ఏళ్లుగా తప్పుకుంటూనే ఉంది కనక ఆ పని ఆమెకి బాగా వచ్చు.

డెబ్బై మోడల్ షెవెల్ కారు, ముదురాకుపచ్చ రంగు. నోరీన్ మేనమామ ఆర్విల్ పోయినప్పుడు ఆయన పొలంలోని కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న తుప్పు డొక్కు అది. మేనకోడలికని రాసి పోయాడు. కాగితాలు ఆమె పేరునే ఉండిపోయాయి. ఆఫీసులో వరసలో నిలబడి మార్పించుకునే ఓపిక డెల్మర్‌కి ఏనాడూ లేదు. ఇప్పుడు అమ్మాలంటే బ్యాంకులో నోటరీ ముందు ఆమె సంతకం పెట్టాలి. "ఒక్క సంతకం, అయిదు నిమిషాల పని," అన్నాడు, నోటినిండా బంగాళదుంపల ముద్ద పెట్టుకుని. అమ్మి చేపల వేటకి పడవ కొంటాడట. అమ్ముదామా అని అడగలేదు. అమ్ముతున్నానని చెప్పాడు. ఆ తర్వాత ఉప్పు ఇటివ్వమన్నాడు.

పన్నెండేళ్లు పట్టింది ఆ డొక్కు బండి కావడానికి. ఇంజన్ డెల్మర్ విప్పాడు, బిగించాడు, అది నిజం. తలుపుల ఒంపుల్లో తన లావు వేళ్లు పట్టవని, తడి గరుకు కాగితంతో రుద్దే పని మాత్రం ఆమెకి అప్పగించాడు. నర్సింగ్ హోమ్‌లో పగలంతా ముసలివాళ్ల దుప్పట్లు ఉతికి వచ్చి, వంట చేసి, అంట్లు తోమి, బకెట్ నీళ్లు ముందు పెట్టుకుని రుద్దేది. రుద్ది రుద్ది వేలిముద్రలు చెరిగిపోయాయి. హాజరు మిషను ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది. "మళ్లీ ఏమైంది నీ వేలికి, దుప్పట్లతోపాటు ఉతికేశావా?" అని సూపర్‌వైజరమ్మ అందరి ముందూ నవ్వేది. సీట్లు భోజనాల బల్ల మీద కుట్టింది. సూది విరిగి బొటనవేలిలో దిగబడినప్పుడు డెల్మర్ మొదట సీటు మీద రక్తం పడిందేమో చూశాడు. అతని జీతం బండి తినేది, ఆమె జీతం ఇల్లు తినేది. అందుకని బండి అతను సంపాదించింది, కూరలూ కరెంటూ మాత్రం ఎవరూ సంపాదించనివి అయిపోయాయి. అత్తగారైతే, "మా వాడు బారులో కూర్చోకుండా గరాజ్‌లో కూర్చుంటున్నాడు, ఎంత అదృష్టవంతురాలివి నువ్వు," అని వచ్చినప్పుడల్లా అనేది. కార్ల ప్రదర్శనల్లో ఆమె బండి వెనక మడత కుర్చీలో, ఐసు పెట్టె పక్కన కూర్చునేది. "మా ఆవిడ. తిండి డిపార్టుమెంటు," అని పరిచయం చేసేవాడు డెల్మర్.

స్టీరింగ్ ముందు మాత్రం ఎన్నడూ కూర్చోనివ్వలేదు. "క్లచ్ బరువు. నువ్వు కాల్చేస్తావు," అనేవాడు. ఆర్విల్ మామయ్య పొలంలో పదమూడేళ్లకే ట్రాక్టర్ తోలిన పిల్లని, పాత ట్రక్కుని బురదలోంచి వెనక్కి తీసిన పిల్లని పట్టుకుని ఆ మాట అనేవాడు. ఈ వసంతంలో అతని ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. బండి ఊరికే పడుంటే పాడవుతుందని, వారానికోసారి గరాజ్ గుమ్మంలోనే నిలబెట్టి ఇంజన్ ఆడించమన్నాడు. రెండు వారాలు చెప్పినట్టే ఆడించింది. మూడో వారం, అతన్ని స్నేహితుడు కాలి వ్యాయామానికి తీసుకెళ్లాక, గరాజ్ దాటింది. మొక్కజొన్న చేల మధ్య తిన్నటి రోడ్డు మీద నాలుగో గేరులో పడ్డాక ఆమెకి ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. ఎవరికీ వంట చెయ్యక్కర్లేని గంట అంటే ఎలా ఉంటుందో యాభై మూడేళ్లకి తెలిసింది. ఆ తర్వాత ఏ వారమూ మానలేదు.

శనివారం పొద్దున ప్రకటన చూసి ఇండియానా నుంచి హార్లన్ స్టకీ అనే పెద్దాయన ట్రక్కుకి ఖాళీ ట్రైలర్ తగిలించుకుని వచ్చాడు. కింద పడుకుని తుప్పు వెతికాడు, తలుపులు వేసి చప్పుడు విన్నాడు. తాళం చెవి మాత్రం తీసుకోలేదు.

"పరాయి బండి ముందుగా నేను తోలనండి. అమ్మేవాళ్లు తోలి చూపించాలి, నేను పక్కన కూర్చుని వింటాను. నా పద్ధతి అది."

డెల్మర్ పౌరుషానికి పోయి ఎక్కాడు. క్లచ్ సగం కూడా దిగలేదు, నుదుటి మీద చెమట మాత్రం దిగింది.

"దిగు. నేను తోలతాను," అంది నోరీన్.

"నీకేం వచ్చని?"

"దిగమన్నానా."

పరాయివాడి ముందు గొడవెందుకనుకున్నాడో ఏమో, గొణుక్కుంటూ దిగాడు. ఆమె బండిని కుదుపు లేకుండా వీధిలోకి తీసేసరికి అతని గొణుగుడు ఆగిపోయింది.

ఊరు దాటాక హార్లన్ ఆమె గేరు మార్చే చేతిని చూసి నవ్వాడు. "ఏమనుకోకండమ్మా. మీ ఆయన ప్రకటనలో 'ఒక్క మగాడి పన్నెండేళ్ల కష్టం, ఆడదాని చెయ్యి పడని బండి' అని రాశాడు. చేసినవాడు భలే అపురూపంగా చూసుకున్నాడే అనుకున్నాను."

ఆ ప్రకటన ఆమె చూడలేదు. ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్ల కష్టం మింగి ఊరుకోవడం ఒక ఎత్తు, చెయ్యే పడలేదని ఊరంతా చాటడం ఇంకో ఎత్తు.

"మీరు కూర్చున్న సీటు నేను కుట్టాను. మీరు మోచెయ్యి ఆనించిన తలుపు నేను రుద్దాను," అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఆ ప్రకటనలో రాసిన బండి మా ఇంట్లో లేదండి."

హార్లన్ మోచెయ్యి తీసేశాడు. కాసేపు కుట్టు మీద అరచేత్తో నిమురుతూ ఉండిపోయాడు. "మరి ఈ బండెవరిది?"

"నాది."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"మూడు గంటలు తోలుకుని వచ్చాను. ఈ ముక్క ఫోన్లోనే చెప్పాల్సిందమ్మా."

"మీరు ఫోన్ చేసినప్పటికి నాకూ తెలీదండి," అంది నిజాయితీగా.

తిరిగొచ్చేసరికి డెల్మర్ వాకిట్లో కాగితాల సంచీ పట్టుకుని నిలబడ్డాడు. "ఎలా ఉంది? నే చెప్పలా? నోరీన్, దిగి ఆయనకో శాండ్‌విచ్ చేసి పెట్టు. తినేసి బ్యాంకుకి పోదాం, మధ్యాహ్నానికి మూసేస్తారు."

హార్లన్ దిగి తన ట్రక్కు వైపు నడిచాడు. నోరీన్ దిగలేదు, ఇంజన్ ఆపలేదు.

"నేను సంతకం పెట్టను, డెల్మర్."

"చూశారా, ఆఖరి నిమిషంలో మా ఆవిడకి బెంగ," అని డెల్మర్ హార్లన్ వీపు చూసి నవ్వాడు. ఆయన వెనక్కి తిరగలేదు. నవ్వు ఒక్కడికే మిగిలేసరికి డెల్మర్ మొహం ఎర్రబడింది. "పన్నెండేళ్లు ధారపోశాను దీనికి. నా జీవితంలో పన్నెండేళ్లు. తెలుసా నీకు?"

"తెలుసు. నా పన్నెండేళ్లూ అవే."

ఆమె రివర్సు గేరు వేసింది. బండి మెల్లగా వెనక్కి కదిలింది.

"ఎక్కడికి? ఎక్కడికి పోతావు దాన్నేసుకుని?"

"ఇంకా అనుకోలేదు," అంది నోరీన్. "వస్తానంటే అటుపక్క ఎక్కు."