భానుప్రియ చేసిన తాబేలు

అల్లూరు నుంచి తొమ్మిదింటి ఆటో దిగగానే ముంతాజ్ టీచరు చేసే మొదటి పని, అంగన్‌వాడీ వరండాలోని నీలం టబ్బు నింపడం. రెండు బిందెల సముద్రపు నీళ్లు, దోసెడు ఇసుక. తర్వాత పిల్లల ముందు రొయ్యల గుంట గట్టు మీంచి తెచ్చిన బంకమట్టి పెట్టేది. గోడ మీది పటం చూపించి పాఠం చెబితే ఆ జాలర్ల పాలెం పిల్లలకి నవ్వొచ్చేది. పటంలో పీత అని రాసుంటే, అది ఎండ్రకాయ అని టీచరుకే నేర్పేవాళ్లు. చేతికి పని చెబితే తప్ప కుదురుగా కూర్చునే రకాలు కాదు.

ఆ మట్టితో పిల్లలు చేసిన చేపల్ని టబ్బులో వదిలితే ఈదేవి. ఎండ్రకాయలు అడ్డంగా నడిచేవి, నక్షత్ర చేపలు టబ్బు అంచుకి అతుక్కునేవి. పిల్లలు గుడ్డూ అన్నం తినే వేళకి అన్నీ మళ్లీ మట్టయ్యేవి. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు కాసేపు చూసి, టబ్బుకి మూత ఉంటే మంచిదని రాసి వెళ్లింది.

ఒక్క భానుప్రియ మాత్రం మట్టి ముట్టేది కాదు. ఐదేళ్ల పిల్ల. దాని నాయన మాల్యాద్రి ఎనిమిది నెలల కిందట వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ పాలెంలో మగవాడు వేటకెళ్తూ ఇంటి తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పోతాడు. అతను తిరిగొచ్చేదాకా తలుపు మూయరు, ఆలి గడప వదిలి పనికి పోదు. మాల్యాద్రి తల్లి చెంచమ్మ ఆ పట్టు మీదే కూర్చుంది. వానకి నీళ్లొచ్చినా, కుక్కలు దూరినా తలుపు బార్లా తెరిచే ఉంది. కోడలు ధనలక్ష్మి ఆ గడపకి కాపలా. ఆయా పని ఖాళీగా ఉంది, రమ్మని ముంతాజ్ మూడుసార్లు అడిగింది. ధనలక్ష్మికి రావాలనే ఉంది. కానీ ఏడవడానికైనా బతకడానికైనా ముందు ఏదో ఒకటి తేలాలి కదా.

ఫిబ్రవరిలో, తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో, ముంతాజ్ వాటి పాఠం చెప్పింది. తల్లి తాబేలు ఎంత దూరం పోయినా పుట్టిన ఒడ్డుకే తిరిగొస్తుందని చెప్పింది. భానుప్రియ తలెత్తింది.

"మా నాయన గూడా ఈ ఒడ్డునే పుట్టినాడు టీచర్."

ముంతాజ్ పుస్తకంలో ఉన్నది చెప్పింది గానీ, వినే పిల్లల్లో ఎవరున్నారో చూసుకోలేదు. తన నోటిని తనే తిట్టుకుంది.

ఆ పిల్ల మొదటిసారి మట్టి తీసుకుంది. అరచేయంత తాబేలు చేసింది. వలలో తాబేలు పడితే పాలెం వాళ్లు దాని నొసట కుంకుమ పెట్టి, మనసులో మాట చెప్పుకుని వదిలేస్తారు. భానుప్రియ ఎర్ర సుద్దముక్క అరగదీసి బొట్టు పెట్టింది. చెవి ఎక్కడో తెలియక మెడ దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది.

అన్నాలయ్యాక అన్నీ మట్టయ్యాయి. తాబేలు మాత్రం ఈదుతూనే ఉంది. అది టబ్బు అంచుకి తల కొట్టుకుంటుంటే చూడలేక, ముంతాజ్ పిల్లలని వరుసగా ఒడ్డుకి తీసుకెళ్లింది. భానుప్రియే దాన్ని అలలో వదిలింది.

తొమ్మిది రోజులు వచ్చిందా, వచ్చిందా అని అడిగింది. పదో రోజు ముంతాజ్ ఆటో దిగేసరికి అది అంగన్‌వాడీ మెట్టు మీద ఉంది. ఎండి వీపు బీటలు వారిన మట్టి బొమ్మ. నొసట బొట్టు లేదు. నోట్లో నల్లటి మొలతాడు ముక్క, దానికి చిలుము పట్టిన తాళంచెవి.

ముంతాజ్ దాన్ని తీసుకుని నాలుగిళ్ల అవతలున్న చెంచమ్మ ఇంటికి నడిచింది. చెంచమ్మ తాళంచెవిని కొంగుతో తుడిచింది. మొలతాడు ముడి తను వేసిందే. మగవాడు బతికుండగా మొలతాడు తీయడని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ధనలక్ష్మి గోడకి జారబడి ఏడ్చింది. ఎనిమిది నెలలు ఆపుకున్న ఏడుపు అది. ఎవరూ ఊరుకోమనలేదు.

"వచ్చినాడు," అంది చెంచమ్మ. "రాగలిగినంత వచ్చినాడు నా బిడ్డ."

దినాలు ముగిసిన మర్నాడు చెంచమ్మ తను అమ్మబోయే ఎండుచేపల బుట్ట బయట పెట్టి, కోడలినీ మనవరాలినీ వాకిట్లోకి రమ్మంది. తలుపు కీళ్లు తుప్పు పట్టి మొరాయించాయి. చెంచమ్మ గట్టిగా దగ్గరికి లాగి తాళం వేసింది. తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

"ఎనిమిది నెల్లు కూర్చున్నావు, చాల్లే. టీచరమ్మ ఎదురు చూస్తా ఉంటది, పో."

ఆ రోజు టబ్బుకి నీళ్లు మోసింది ధనలక్ష్మి. పాఠం ఆక్టోపస్. ఎనిమిది కాళ్లు చేయాలి, మట్టి చాల్లేదు. ముంతాజ్ అలమరలో దాచిన తాబేలుని భానుప్రియ అడిగి తీయించుకుంది. కాసేపు చూసి, నీళ్లు చిలకరించి, రెండు చేతులతో పిసకసాగింది.

"ఇంక ఇది యాడికీ పోనక్కర్లేదు గదమ్మా," అంది.

ధనలక్ష్మి బిందె దించి కూతురి పక్కన కూర్చుంది. ఆ మట్టిలోంచే కొంచెం తీసుకుని, తనూ ఒక కాలు చేసింది.